పెట్టె మనది, బుర్ర ఎవరిది?

హైదరాబాద్ ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సు దిగే పిల్లల్ని ఆ పేరుకు అర్థమేమిటో అడిగి చూడండి. చాలామందికి అదొక స్టాపు పేరు, అంతే. పక్కనే ఉన్న ఏఎస్ రావు నగర్ ఎవరి పేరు మీద వెలిసిందో కూడా తెలియదు. తప్పు పిల్లలది కాదు. చెప్పాల్సిన మనం మరిచిపోయాం. ఆ మరుపుకు దేశం ఇప్పటికీ మూల్యం చెల్లిస్తోంది కాబట్టే నాకింత కోపం.

ఆ ఏఎస్ రావు, అంటే పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు, అణు శాస్త్రవేత్త హోమీ భాభా దగ్గర పనిచేసిన మనిషి. అణు రియాక్టర్లకు కావాల్సిన ఎలక్ట్రానిక్స్ కోసం ఇంకొకరి గడప తొక్కకూడదన్న పట్టుదలతో 1967లో, ఇవాళ్టి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్న కుషాయిగూడలో ఈసీఐఎల్‌ను, అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్‌ను, నిలబెట్టాడు. ట్రాంబే అణుకేంద్రం శాస్త్రవేత్తలు రూపమిచ్చిన టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది. తర్వాత 312, 316 వచ్చాయి. చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడే మన వాళ్ళు సొంత డిజైనుతో కంప్యూటర్ చేసి చూపించారు. దాన్ని తయారుచేసి అమ్మిన సంస్థ మన పక్క వీధిలో ఉంది!

ఆ యంత్రాలు ఖరీదైనవే. ఆర్డరిచ్చినవాళ్ళు చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చేది, అదీ నిజమే. మరి తొలి అడుగులు తడబడకుండా నడిచిన బిడ్డ ఉందా? 1984 కంప్యూటర్ విధానం దిగుమతులకు తలుపులు తీసింది. చవకగా, చకచకా పనిచేసే విదేశీ యంత్రాలు వచ్చిపడ్డాయి. వాటిని వద్దనమని ఎవరూ అనరు. బ్యాంకుకో బడికో ఏది చవకైతే అది కొనుక్కోవచ్చు. కానీ యుద్ధనౌకకూ, రియాక్టరుకూ, సైన్యం మాట్లాడుకునే తీగకూ మన కంప్యూటర్ కొనసాగాలని గట్టిగా పట్టుబట్టి ఏటా కొన్నవాళ్ళుంటే, ఇవాళ మన చేతిలో అరవయ్యేళ్ళకు దగ్గరైన అనుభవం ఉండేది. కంప్యూటరుకు గుండెలాంటి చిప్పుదీ అదే దారి. 1989లో మొహాలీలోని చిప్పుల ఫ్యాక్టరీ తగలబడింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా చిప్పుల తయారీలో తైవాన్ ఎక్కడికి చేరిందో చెప్పక్కర్లేదు.

దీని ఫలితమేమిటో విశాఖపట్నం చెబుతుంది. అరిహంత్ అణు జలాంతర్గామి సన్నాహాలు జరుగుతున్న రోజుల్లో, తూర్పు నౌకాదళ కేంద్రంలోని కంప్యూటర్లలో ఒక పురుగు దూరిందని 2012లో పత్రికలు రాశాయి. ఇంటర్నెట్టుకు కలపని కంప్యూటర్లవి. పెన్‌డ్రైవ్‌లో ఆ పురుగు దాక్కుని, దస్త్రాలు పోగేసుకుని, ఆ పెన్‌డ్రైవ్ బయటి కంప్యూటరుకు తగిలినప్పుడు వాటిని చైనా చిరునామాలకు పంపేది. గోడలెంత ఎత్తుగా ఉన్నా, తుపాకీ పట్టుకున్న జవాను గేటు దగ్గర ఎంత మెలకువగా ఉన్నా ఏం లాభం? దొంగ జేబులోనే వచ్చాడు. 2016లో స్కార్పీన్ జలాంతర్గాముల కాగితాలు 22 వేలకు పైగా పేజీలు ఆస్ట్రేలియా పత్రిక చేతికి చిక్కాయి. మన కోసం గీసిన జలాంతర్గామి రహస్యాలు మన తాళంచెవి లేని బీరువాలో ఉన్నాయన్నమాట. 2024 సెప్టెంబరులో లెబనాన్‌లో పేజర్లు జేబుల్లోనే పేలినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మన ఓడల్లో, మన కంట్రోల్ రూముల్లో ఉన్న ఒక్కో బోర్డు ఎక్కడ పుట్టిందో, దానిలో కోడ్ ఎవరు రాశారో ఆ రోజు ఎంతమంది అధికారులు తిరగేసి చూశారు?

అసలు మోసం కొలతలో ఉంది. 2020 రక్షణ కొనుగోలు విధానంలో అన్నిటికన్నా పెద్దపీట ‘భారత్‌లోనే డిజైనై, భారత్‌లోనే తయారైన’ వస్తువుకు. అందులో స్వదేశీ వాటా కనీసం సగం ఉండాలి. బాగుంది. ఆ సగాన్ని దేనితో కొలుస్తున్నారు? రూపాయలతో. ఇనప పెట్టె, కేబుళ్ళు, రంగు, అసెంబ్లీ కూలి, అన్నీ లెక్కలో చేరి శాతాన్ని పెంచేస్తాయి. పెట్టె మధ్యలో గోరంత చిప్పు ఖర్చులో పిసరంత. కానీ ఆ పెట్టె ఏం చూడాలో, ఏం వినాలో, ఎవరికి చెప్పాలో తేల్చేది అదే. గుండెకాయ బరువు తూచి మనిషిలో దాని వాటా ఇంతేనంటే ఏ వైద్యుడైనా ఒప్పుకుంటాడా? 2025 ఫిబ్రవరిలో సైన్యం కోసం ఇచ్చిన 400 డ్రోన్ల ఆర్డర్లు రద్దయ్యాయి, లోపల చైనా భాగాలున్నాయని. రద్దు చేయడం మంచి పనే. కానీ ఆర్డరిచ్చాక మేల్కోవడం కాపలా అనిపించుకోదు.

మనకు చేతకాదని ఎవరైనా అంటే వాళ్ళను శామీర్‌పేట తీసుకెళ్ళాలి. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్లు. అయినా ఆ మండలంలో పరిశ్రమ నడుపుతున్న హెచ్‌బీఎల్ జలాంతర్గాములకూ టార్పెడోలకూ బ్యాటరీలు చేస్తుంది. డీజిల్ జలాంతర్గామి నీళ్ళలోకి పూర్తిగా మునిగాక ఇంజను ఆపేయాలి. ఆ తర్వాత కదలడం, వినడం, సిబ్బందికి గాలి అందడం, అంతా బ్యాటరీ మీదే. అది మొరాయిస్తే లోపలున్నవాళ్ళ ప్రాణాలకు పూచీ లేదు. 1977లో మొదలైన కంపెనీ, విమానాల నికెల్-కాడ్మియం బ్యాటరీలతో ఎదిగి, ఇక్కడ ఎవరూ చేయనివి వెతుక్కుని మరీ చేసింది. ఇప్పుడు రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్ పరికరాలూ చేస్తోంది. ఒక్కరోజులో వచ్చిన విద్య కాదది. కొనేవాడు ఉండబట్టి, తప్పు దిద్దుకునే వ్యవధి దొరకబట్టి వచ్చింది. విశాఖలోని రక్షణ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోదీ అదే కథ. అదే సమయంలో స్కార్పీన్ డిజైనుతో కట్టిన కల్వరి తరగతి జలాంతర్గాముల కోసం ఇటలీ నుంచి కొనాలనుకున్న 98 టార్పెడోలు, అమ్మేవాళ్ళ మాతృసంస్థ హెలికాప్టర్ల కుంభకోణంలో ఇరుక్కోవడంతో, 2016లో రద్దయిపోయాయి. మరుసటి ఏడు సరికొత్త కల్వరి జలాంతర్గామి పాత టార్పెడోలతోనే నౌకాదళంలో చేరింది.

చిప్పుల్లోనూ మనవాళ్ళు ఊరికే కూర్చోలేదు. మద్రాస్ ఐఐటీ ‘శక్తి’ ప్రాసెసరు చేసింది. ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ ‘వేగా’ చేసింది. వీటిని కొని, ఓడల్లో పెట్టి, పగలగొట్టి, మళ్ళీ బాగుచేయించే ఓపిక ప్రభుత్వానికి కావాలి. ఎల్-1 పద్ధతి ఆ ఓపికను చంపేస్తోంది. తక్కువ ధర వేసినవాడికే టెండరు. పదేళ్ళు పరిశోధన మీద డబ్బు పోసినవాడి ధర ఎక్కువే ఉంటుంది. బయటి బోర్డు తెచ్చి పైన తన పేరు అంటించినవాడి ధర తక్కువే ఉంటుంది. అవినీతి భయంతో ఈ పద్ధతి పెట్టామంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ నిజాయితీగా చెడ్డ సరుకు కొన్నా ఓడ మునుగుతుంది. నేను కోరేది ఇది: రహస్యాలు మోసే ప్రతి పరికరంలో చిప్పూ కోడూ ఎవరివో విడిగా లెక్కకట్టండి, రూపాయల శాతంలో కలిపేయకండి. మన డిజైను నెగ్గితే పదేళ్ళపాటు ఏటా కొంటామని రాసివ్వండి. బిల్లు సకాలంలో ఇవ్వండి.

ఆఖరి మాట చిన్నదనుకోవద్దు. మేడ్చల్ పారిశ్రామికవాడలో నాకు తెలిసిన ఒకాయన షెడ్డుంది. రెండు సీఎన్‌సీ యంత్రాలు, నలుగురు మనుషులు. ఓ ప్రభుత్వ సంస్థ కోసం ఓడ పంపులో వాడే భాగం చేసిచ్చాడు. వెంట్రుకలో పదోవంతు తేడా వచ్చినా ఇన్‌స్పెక్షన్‌లో పక్కన పెట్టేసే పని. పాసైంది. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బివ్వాలని 2006 చట్టం చెబుతోంది, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కూడా ఇవ్వాలంటోంది. ఆయన ఎనిమిది నెలలు తిరిగాడు. వడ్డీ ఎందుకు అడగలేదంటే, “అడిగితే మళ్ళీ ఆర్డరు ఇస్తారా సార్?” అన్నాడు. ఈ ఏడాది అదే భాగం మళ్ళీ చేయమని కబురొస్తే డ్రాయింగు వాపసిచ్చేశాడు. ఇప్పుడా రెండు యంత్రాల మీదా మందుల కంపెనీల జాబ్ వర్క్ నడుస్తోంది. వాళ్ళు నెల తిరక్కుండా డబ్బిస్తారట.