కలము పట్టని యధికారి

యంత్రమునకు బుద్ధి కలదా లేదా యని పండితులు వాదించుచుండగనే, ఆ యంత్రము మన యూళ్ళలో నధికారము చేయుటకు మొదలిడినది. అనకాపల్లి జిల్లా బుచ్చెయ్యపేట మండలమందలి వడ్డాది, మత్స్యవంశపు రాజుల కాలము నుండియు పేరుగన్న గ్రామము. రాజులు పోయిరి, జమీందార్లు పోయిరి, కరణములును పోయిరి. వారిలో మంచివారు కొందఱు, చెడ్డవారు పెక్కండ్రు. అయినను "అయ్యా, నా పేరేల కొట్టివేసితి"రని నిలువదీయుట కెదుట నొక మనిషి యుండెడివాడు. ఇప్పుడు వచ్చుచున్న యధికారికి ముఖము లేదు, చేతిలో కలము లేదు, కచేరీ యెక్కడనో తెలియదు.

మన రాష్ట్రమున 2015 మొదలు చౌకధరల దుకాణములలో వ్రేలిముద్ర యంత్రములు ప్రవేశించినవి. చెఱకు నఱికి, బెల్లపు పెనము కడ సెగకు నోర్చి, బ్రతుకంతయు మట్టిలో గడిపిన చేతికి రేఖలు మిగులవు. అట్టివాడు వ్రేలు తుడిచి యొత్తును, తడిచేసి మఱల నొత్తును. వీడు వాడు కాడని యంత్రము పలుకును. దుకాణదారు వానిని చిన్ననాటి నుండి యెఱుగును. వరుసలో వెనుక నిలిచినవా రెఱుగుదురు. ఎఱుగనిది యంత్ర మొక్కటియే, చెల్లునది దాని మాటయే. మినహాయింపులు కలవందురు. అవి నిబంధనలలో దొరకినంత సులభముగ దుకాణము కడ దొరకవు.

నిజమునకిది మేధ గల యంత్రము కాదు, వట్టి కన్ను. మేధ యనదగినది పొరుగున తెలంగాణమున బయలుదేరినది. "సమగ్ర వేదిక" యను పేర నచటి ప్రభుత్వము వివిధ శాఖల పద్దులను జోడించి, పేరులను చిరునామాలను పోల్చి, ఎవనికి కారున్నది, ఎవనికి భూమి యున్నది యని యంత్రముచేత గణింపజేసెను. పేరు కొంచెము కలిసినంత మాత్రమున, కారు లేనివానికి కారంటగట్టి కార్డు తీసివేసిన సంగతులు 2024 జనవరిలో పత్రికా పరిశోధన వలన వెల్లడి యయ్యెను. 2014, 2019 సంవత్సరముల నడుమ ఆ రాష్ట్రమున 18 లక్షల 60 వేలకు పైబడిన కార్డులు నోటీసైన లేకయే రద్దైనవి. అన్నియు యంత్రము చేసినవి కావు. అంతవఱకు న్యాయముగ చెప్పవలయును. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు మరల విచారింపుడని యాజ్ఞాపింపగా, తొలుత పరిశీలించిన 2 లక్షల 5 వేల పైచిలుకు దరఖాస్తులలో 15,471 అర్హములని తేలెను. నూటికి ఏడెనిమిది. గణకునకిది స్వల్పమైన తప్పు. ఆ యిండ్లలో నిది యేండ్ల తరబడి సగము కడుపు.

రోబో యను మాట చెకు రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకము నుండి వచ్చినది. దానికి మూలమైన "రోబోట" యను చెకు పదమునకు తెలుగున సరియైన మాట వెట్టి. వెట్టివాడు గట్టు త్రెంచిన, ఆ తప్పు త్రెంపించిన దొరదే యని మన పల్లెలలో చిన్నపిల్లవాడు కూడ నెఱుగును. ఈ క్రొత్త వెట్టివాని విషయమున మాత్రము దొర చేతులు దులుపుకొని, "కంప్యూటరు ఒప్పుకొనుట లే"దనుచున్నాడు! 1942లో అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ తన కథయందు రోబోలకు మూడు ధర్మసూత్రములు విధించెను. చదువుటకు రమ్యముగనే యున్నవి. కాని ధర్మము విధింపవలసినది వెట్టివానికా, వానిని పనికి పంపినవానికా?

యంత్రము లంచము పుచ్చుకొనదు, కులము చూడదు అని విద్యావంతులైన మిత్రులు కొందఱు వాదింతురు. మొదటి మాట తేలికగ కొట్టివేయదగినది కాదు. కచేరీల చుట్టు తిరిగి చెప్పులరిగినవారికి దాని విలువ తెలియును. రెండవ మాట సగమే నిజము. యంత్రము తనంత పక్షపాతము నెఱుగదు గాని, మనుష్యులు వ్రాసిన పాత పద్దులను చదివియే విద్య నేర్చును; అందలి పక్షపాతమును గూడ వానితోనే నేర్చును. పైగా కరణము చేసిన తప్పు ఒక గ్రామపు పొలిమేరలో నాగును, యంత్రము చేసిన తప్పు ఒక్క రాత్రిలో రాష్ట్రమంతయు నల్లుకొనును. నెదర్లాండ్సు దేశమున పిల్లల సంరక్షణ భత్యము పొందు కుటుంబములను వేలకొలదిగ మోసగాండ్రని ముద్రవేసి, అప్పులపాలు చేసిరి. అనుమానింపదగిన వారిని యేర్పఱచుటలో యంత్రపు గణన పాలుగొన్నది. ఆ యపరాధమునకై 2021 జనవరిలో నక్కడి మంత్రివర్గమే రాజీనామా చేసెను. అక్కడ యంత్రము రాజీనామా చేయలేదు, మంత్రులు చేసిరి. అది మెచ్చదగిన పద్ధతి.

తీర్పరి యంత్రమునకు మాట కూడ వచ్చినచో చిక్కు మఱింత ముదురును. 1966లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జోసెఫ్ వైజెన్‌బామ్ "ఎలైజా" యను నొక కార్యక్రమమును రచించెను. చెప్పిన మాటనే త్రిప్పి ప్రశ్నగ నడుగుటయే దాని విద్య. గ్రహణశక్తి లేశమును లేదు. అయినను జనులు దాని యెదుట మనసు విప్పుట చూచి కర్తయే కలవరపడెను. యంత్రమునకు సాంఘిక ప్రజ్ఞ నేర్పుదుమని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ ప్రజ్ఞలో పెద్దపాలు మన వద్దనే యున్నది. మాట వినబడినంతనే అవతల మనిషి యున్నాడని నమ్ముట మన స్వభావము.

ఈ విద్యలో అగ్రగణ్యులలో నొకరు తెలుగువారే. నాటి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో వెలసిన రోబోటిక్స్ సంస్థకు తొలి అధ్యక్షులు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో గూడ ట్యూరింగ్ పురస్కారమందిరి. మనుష్యుని పలుకు యంత్రమునకు వినబడునట్లు చేయుట వారి జీవితకార్యము, చదువురానివాడు సైతము నోటిమాటతో నీ జ్ఞానమును వాడుకొనవలెనని వారి యభిలాష. 2025 జనవరిలో మన ప్రభుత్వము 161 సేవలతో వాట్సాప్‌లో నారంభించిన "మన మిత్ర" ఆ దారిలో నొక యడుగు. సంతోషమే. కాని మొఱ వినుట వేఱు, మొఱపై తీర్పు చెప్పుట వేఱు. వినుపనికి యంత్రమును పెట్టుకొన్న ప్రభుత్వము తీర్పు కూడ దానిచేతనే చెప్పించుకొనుటకు ఆశపడును. అక్కడనే మనము కావలి కాయవలయును.

ఇది బీదల గొడవ యని పట్టాదారులు ప్రక్కకు తొలగుదురేమో. తెలంగాణమున 2020 అక్టోబరులో "ధరణి" యారంభమైనప్పుడు అందు మేధ యేమియు లేదు, వట్టి పద్దుల పెట్టె. అయినను పొరపాటున తన సర్వే నంబరు నిషిద్ధ భూముల పట్టికలో చేరిన రైతు, ఏ యధికారిని అడుగవలెనో తెలియక తిరిగి తిరిగి విసిగెను. రెవిన్యూ న్యాయస్థానములను ముందే యెత్తివేసియుండిరి. అప్పీలు చేసికొను దారిని తిరిగి తెచ్చుటకు 2025లో "భూభారతి" చట్టము చేయవలసి వచ్చెను. నాలుగేండ్లకు పైగా పట్టినది.

ఇపుడీ యంత్రముల మహానిలయమే మన తీరమునకు వచ్చుచున్నది. విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధాకేంద్రము నిర్మింతునని గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న ప్రకటించినది. వడ్డాది యున్న జిల్లాలోనిదే యైన రాంబిల్లి కూడ నందుకు తలపెట్టిన స్థలములలో నొకటి. నేల, నీరు, విద్యుత్తు మనవి యైనపుడు, ఆ విద్య మన ప్రజలపై నే రీతిగ ప్రయోగింపబడునో యడుగు హక్కును మనదే. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన శాసనము, ప్రభుత్వ సహాయమునకు అర్హతను నిర్ణయించు యంత్రములను మిక్కిలి ప్రమాదకరములైన వానిలో చేర్చి, నష్టపడినవానికి కారణ మడుగు హక్కు నిచ్చినది. మన కేంద్ర ప్రభుత్వము 2025 నవంబరులో వెలువరించిన మార్గదర్శకములు హితోక్తులే గాని శాసనములు కావు.

కేంద్రము కొఱకు కాచుకొననక్కఱ లేదు. మన శాసనసభయే చేయదగిన పని కలదు. యంత్రము కొట్టివేయుమన్న ప్రతి పేరును, కొట్టివేయుటకు ముందే, ఆ యూరి సచివాలయమునకు రావలయును. కారణమేమో తెలుగున, ఆ యింటివారికి తెలియు మాటలలో వ్రాసి వారి చేతి కీయవలయును. ఇంటికి పోయి చూచిన యుద్యోగి పేరును, సంతకమును దానిపై నుండవలయును. ముప్పది దినములలో అప్పీలు వినువా రెవరో యా కాగితముననే చెప్పవలయును. అది తేలువఱకు బియ్యము, పింఛను ఆపరాదు.