కెమెరా ఎక్కడ నిలబడింది?

పుష్య అమావాస్య రాత్రి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల్లోని మెస్రం వంశీయులు నాగదేవత నాగోబాకు మహాపూజ చేస్తారు. తెల్లారేసరికి ఆ జాతర వీడియోలు అందరి ఫోన్లలోకీ వచ్చేస్తాయి. చాలామటుకు ఒకే తీరుగా మొదలవుతాయి. డ్రోన్ పైకి లేస్తుంది. గుడి, మర్రిచెట్లు, గుడారాలు, ఎడ్లబండ్లు, తెల్లబట్టలు కట్టిన మనుషుల వరుస చిన్నవైపోతూ కనిపిస్తాయి. వెనక నుంచి డోలు మోత. ఆ మోత మీద ఒక గంభీరమైన గొంతు, 'ప్రకృతి ఒడిలో అమాయక ఆదివాసీలు' అంటూ అందుకుంటుంది. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ కాలంలో, 1940ల్లో మొదలైన దర్బార్‌కు ఆఖర్న అర నిమిషం దక్కితే గొప్ప. పోడు పట్టాలు, రోడ్లు, బడులు, ఆసుపత్రుల గురించి జనం అధికారులను నిలదీసేది అక్కడే.

ఈ వీడియోల్లో అబద్ధం లేదు. ప్రతి దృశ్యమూ అక్కడ జరిగిందే. కానీ చూసినవాళ్లు ఏమంటారు? 'ఎంత బాగుందో, ఒక్కసారన్నా పోయి రావాలె' అంటారు. ఆ మాట వాళ్ల నోట పుట్టించింది జాతర కాదు, కెమెరా ఉన్న ఎత్తు. అదే కెమెరా జన్నారం మండలంలోని హస్తలమడుగు నుంచి గోదావరి జలం మోసుకొచ్చే మెస్రంల వెంట, వాళ్ల భుజాల ఎత్తులో, చెప్పుల్లేని ఆ కాళ్ల పక్కన నడిచి ఉంటే ప్రేక్షకుడికి వేరే సంగతులు తట్టేవి. దారిలో ఏ ఊళ్లో ఆగుతారు, ఎవరు అన్నం పెడతారు, ఇన్ని రోజుల నడకకు పొలం పని ఎట్లా అని అడిగేవాడు. పైనుంచి చూసినవాడికి ముచ్చటేస్తుంది, పక్కన నడిచినవాడికి ప్రశ్న పుడుతుంది. డాక్యుమెంటరీ శిల్పం గురించి మన దగ్గర జరగాల్సిన చర్చకు ఇదే మొదలు. మనం ఇప్పటికీ 'విషయం మంచిదా కాదా' దగ్గరే ఆగిపోతున్నాం.

ఈ సంగతిని సినిమా బడులకంటే సూటిగా పట్టుకున్నవాళ్లు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉన్నారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టారు. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. కెమెరా కోణాలకు వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్, ఎందుకంటే గద్దె మీద కూర్చున్న పటేల్‌కు జనం అట్లాగే కనిపిస్తారు. కిందినుంచి పైకి చూస్తే జీతగాడి చూపు. కళ్లకు కళ్లు సమానంగా ఉంటే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీద ఒకే వరసన కూర్చుంటారు. కేస్లాపూర్ డ్రోన్‌ను ఈ లెక్కన చూస్తే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఎత్తు తర్వాత మాట్లాడాల్సింది కాలం గురించి. ఉత్తర తెలంగాణకు ఇది మరీ ముఖ్యం. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండూ 2006లో కేంద్రం ప్రకటించిన రైతు ఆత్మహత్యల జిల్లాల ప్యాకేజీలో ఉన్నాయి. ఆ ఏళ్లలో ఇక్కడికి రాని కెమెరా లేదు. ఎప్పుడొచ్చింది? చావు తర్వాత వచ్చింది. దండ వేసిన ఫొటో, గడప మీద కూర్చున్న భార్య, పక్కన ఇద్దరు పిల్లలు. 'ఎంత అప్పుందమ్మా' అని అడుగుతారు. ఆమె చెప్పబోతుంది, గొంతు పూడుకుపోతుంది. సరిగ్గా అప్పుడు కెమెరా ముఖం మీదికి జరుగుతుంది, కన్నీటి చుక్క తెరంతా నిండుతుంది, వయొలిన్ మొదలవుతుంది. చూసేవాడి కళ్లు కూడా తడుస్తాయి. కానీ అప్పు ఎంతో ఆమె చెప్పిందా? ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి తెచ్చారో, విత్తనం ఏ దుకాణంలో కొన్నారో వినిపించిందా? వయొలిన్ మొదలైన చోట లెక్క ఆగిపోయింది. జాలిపడ్డవాడు ఛానల్ మార్చుకుని అన్నానికి లేస్తాడు.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సిన చిత్రం ఒకటుంది. దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తొలి ఏడాది 2002. ఆ ఖరీఫ్‌లో పస్తాపూర్ మహిళలు వరంగల్ జిల్లా పల్లెలకు కెమెరా పట్టుకుని వెళ్లారు, విత్తు వేసినప్పటి నుంచి పత్తి ఏరేదాకా మళ్లీ మళ్లీ అదే రైతుల దగ్గరికి వెళ్లారు. 2003లో బయటికొచ్చిన ఆ చిత్రంలో పెద్ద విద్యలేం లేవు. మొదట్లో ఆశగా మాట్లాడిన మనిషే చేను ఎదిగేకొద్దీ ఎట్లా మాట్లాడుతున్నాడో చూస్తాం, అంతే. కానీ ప్రేక్షకుడి చేతికి ఒక లెక్క వస్తుంది. పెట్టుబడి ఇంత, దిగుబడి ఇంత. తర్వాత 2005లో మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించకుండా కేంద్రం నిలిపేసింది. అది ఈ చిత్రం వల్లే జరిగిందని చెప్పలేం, దాని వెనక రైతుల ఆందోళనా ఉంది, పొలాల్లో చేసిన అధ్యయనాలూ ఉన్నాయి. ఆ సినిమా తీసినవాళ్లది కూడా ఒక పక్షమే, దాన్ని వాళ్లు దాచుకోలేదు. నా మాట ఇంతవరకే: విత్తనాలప్పుడు వచ్చిన కెమెరాకూ, దినాలప్పుడు వచ్చిన కెమెరాకూ చూసేవాడిలో పుట్టే స్పందన ఒకటి కాదు. పత్తికి పేరుమోసిన ఆదిలాబాద్‌లో మొదటి రకం చిత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా రాలేదు.

శబ్దం సంగతి సిరిసిల్లలో తెలుస్తుంది. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. ఒక షెడ్డులో పది సాంచాలు నడుస్తుంటే పక్కన నిల్చున్న మనిషి మాట వినపడదు. కార్మికులు ఒకరికొకరు సైగలతోనే చెప్పుకుంటారు. డాక్యుమెంటరీ బృందం వస్తుంది. ఇంటర్వ్యూకు నిశ్శబ్దం కావాలి కాబట్టి సాంచాలు బంద్ చేయిస్తారు. లేదంటే కార్మికుణ్ని బయటికి పిలిచి వేపచెట్టు కింద కూర్చోబెడతారు. అతను మెల్లగా, స్పష్టంగా తన కష్టం చెప్తాడు. తెర మీద అది హాయిగా వినిపిస్తుంది. ఆ మనిషి పన్నెండు గంటల పాళీ అంతా ఆ మోతలోనే నిలబడతాడని, అందుకే ఇంటికి పోయినా గట్టిగా మాట్లాడతాడని చూసేవాడికి తెలిసే దారి లేదు. మాట వినబడకపోయినా ఒక్క నిమిషం ఆ మోతను ఉన్నదున్నట్టు వినిపించి, సైగలు చూపించి, కింద అక్షరాలు వేస్తే పోయేదేముంది? ప్రేక్షకుడు ఇబ్బందిపడతాడు. పడనీయండి.

బొగ్గుబాయిల్లో సమస్య ఇంకో రకం. వాయువులుండే భూగర్భ గనిలోకి మామూలు కెమెరాలు, లైట్లు తీసుకుపోనివ్వరు, నిప్పురవ్వ భయం. కాబట్టి సింగరేణి మీద చిత్రం అంటే చాలాసార్లు ఓపెన్‌కాస్ట్ చిత్రమే. మేడంత డంపర్లు, పేలుళ్లు, ధూళి. రామగుండం నుంచి బెల్లంపల్లి దాకా చీకట్లో తట్టలు మోసినవాళ్ల పని తెర మీదికి దాదాపు రాలేదు. యంత్రం పెద్దదిగా, మనిషి చుక్కలా కనిపించే దృశ్యాలు చూసీచూసీ బొగ్గు అనేది యంత్రాలే తీస్తాయన్న భావం స్థిరపడిపోయింది.

ఇక గొంతు. ఒకప్పుడు సినిమా హాళ్లలో అసలు బొమ్మకు ముందు ఫిల్మ్స్ డివిజన్ న్యూస్ రీల్ తప్పనిసరిగా వేసేవారు. కంటికి కనబడని ఒక పెద్దమనిషి గొంతు అన్నీ తనకే తెలిసినట్టు చెప్పుకుపోయేది. ఆ గొంతు ఇంకా పోలేదు, యూట్యూబ్‌కు మారింది. గోండు ముసలాయన గోండీలో మాట్లాడుతుంటే రెండో వాక్యానికే ఆయన ధ్వని తగ్గించేసి, పుస్తకాల తెలుగులో వ్యాఖ్యాత చెప్పేస్తాడు. పెదవులు ఆయనవి, మాటలు ఇంకొకరివి. తనకు తాను చెప్పుకోలేని మనిషి అన్న ముద్ర ప్రేక్షకుడికి తెలియకుండానే పడుతుంది. 'అమాయక' అన్న విశేషణాన్ని వ్యాఖ్యాత పలకకపోయినా, ఆ ధ్వని తగ్గించిన బటన్ పలికింది. మార్లవాయి గుస్సాడీ నృత్యకారుడు కనకరాజును మనం ఎక్కువగా ఎట్లా చూశాం? నెమలీకల టోపీ, చేతిలో కర్ర, స్లో మోషన్. 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడూ, 2024 అక్టోబరులో కన్నుమూసినప్పుడూ అవే దృశ్యాలు. దండారీ పండుగలో దేవుడి రూపమైన గుస్సాడీ పరేడ్ మైదానాల మీద ప్రదర్శన కావడం గురించి ఆయన తన భాషలో, తన వేగంలో చెప్పగా విన్నవాళ్లం ఎంతమందిమి?

ఇక్కడ ఒక కథా చిత్రాన్ని తీసుకురాక తప్పదు. 2023 మార్చిలో వచ్చిన 'బలగం' సిరిసిల్ల ప్రాంతపు కథ. ఊరూరా తెరలు కట్టుకుని జనం గుంపుగా చూశారు, గుంపుగా ఏడ్చారు, విడిపోయిన అన్నదమ్ములు కలిసిన వార్తలూ వచ్చాయి. ఆ స్పందన ఎక్కడ బద్దలైందో గుర్తుచేసుకోండి. చివర్లో బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య పాడే చోట. వాళ్లు నటులు కారు. చావింట కూర్చుని పోయినవాడి బతుకు పాడటం వాళ్ల వృత్తి. దర్శకుడు వేణు ఆ పాటను తొందరపెట్టలేదు, పూర్తిగా పాడనిచ్చి, వింటున్న కుటుంబం ముఖాల మీద కెమెరా ఉంచాడు. ఒక కల్పిత కథ గుండెల్లోకి దిగింది డాక్యుమెంటరీ పద్ధతిని అప్పు తెచ్చుకున్న చోటే. కన్నీళ్లంటే నాకు పేచీ లేదన్నమాట. వయొలిన్ తెప్పించే కన్నీళ్లతోనే పేచీ. 'మా భూమి' తీసిన గౌతమ్ ఘోష్ కూడా డాక్యుమెంటరీల నుంచి వచ్చినవాడే, పల్లె జనాన్నీ, నిజంగా పాడే గద్దర్‌నూ తెర మీదికి తెచ్చినవాడే.

అసలు బొమ్మే లేనిచోట ఏం చేయాలి? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లు సర్కారు లెక్కలో 13 మంది. జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఇట్లాంటి సంఘటన దొరికితే ఇప్పటి డాక్యుమెంటరీ దర్శకులకు వచ్చే మొదటి ఆలోచన నటులను పెట్టి మళ్లీ తీయడం. పొగ, పరుగులు, నేల మీద చెప్పులు. చూసినవాడు ఇంద్రవెల్లిని తాను చూశానని నమ్ముతాడు, ఆ లెక్కల తేడా మాత్రం మరిచిపోతాడు. 1922 నాటి 'నానూక్ ఆఫ్ ది నార్త్' నుంచీ ఈ తగువు ఉంది. వెలుతురు కోసం దాని దర్శకుడు ఫ్లాహర్టీ మంచు గుడిసెను సగమే కట్టించి తీశాడు. ఇంద్రవెల్లి విషయంలో నేను గట్టిగానే చెబుతాను, అక్కడి అమరుల స్తూపం ముందు నిలబడి మాట్లాడే సాక్షి, ఆ పక్కనే సర్కారు కాగితం చాలు. ఆ రెంటి మధ్య ఖాళీని నటులతో పూడ్చకూడదు.

ఒక చిత్రం ఎలాంటి స్పందన తెస్తుందో ముందే తేల్చే ఇంకో విషయం, మొదట ఎవరికి చూపిస్తారన్నది. 1961లో ఫ్రాన్స్‌లో వచ్చిన తమ చిత్రాన్ని జాన్ రూష్, ఎడ్గార్ మోరాన్ అందులో ఉన్నవాళ్లకే చూపించి, వాళ్ల మాటలను కూడా తీసి అదే చిత్రంలో కలిపారు. కొందరు ఇది బాగాలేదన్నారు, కొందరు నటించినట్టుందన్నారు. మన గోండు గూడేల మీద 1980ల మొదట్లో బీబీసీ కోసం చిత్రం తయారైంది. 1970ల్లో ఇక్కడే పరిశోధన చేసిన మైఖేల్ యార్క్ లాంటి మానవశాస్త్రవేత్తలు చిత్రాల దారిలోకి వెళ్లారు. శ్రద్ధ, భాషా పరిచయం ఉన్నవాళ్లే. అయినా ఆ బీబీసీ చిత్రం తొలి ప్రేక్షకులు బ్రిటన్ ఇళ్లలో టీవీ ముందు కూర్చున్నవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వచ్చే బృందాలు కూడా ప్రసాద్ ల్యాబ్‌లో ప్రివ్యూ వేస్తాయి, ఊళ్లో వేయవు.

ప్రజాధనంతో తీసే చిత్రాలకైనా ఈ పద్ధతి మార్చొచ్చు. గిరిజన సంక్షేమ శాఖ, సాంస్కృతిక శాఖ, విశ్వవిద్యాలయాలు డాక్యుమెంటరీలకు డబ్బిస్తున్నాయి. ఆఖరి విడత బిల్లు చెల్లించే ముందు, ఆ చిత్రాన్ని తీసిన ఊళ్లోనే, ఆ ఊరి భాషలో ఒకసారి వేసినట్టు గ్రామసభ తీర్మానం అడగాలి. చదవడం రాని పెద్దలకు సబ్‌టైటిళ్లు పనికిరావు కాబట్టి పక్కన నిలబడి చెప్పే మనిషిని పెట్టాలి. ఊరి అభ్యంతరాలను చిత్రం చివర జోడించాలి. ఖర్చెంత? ఒక ప్రొజెక్టరు, ఒక తెర, రెండు స్పీకర్లు, ఒక జీపు. ఉట్నూరు ఐటీడీఏకు ఇది డ్రోన్ అద్దెకంటే పెద్ద భారం కాదు. ఇట్లా చేస్తే దర్శకుల స్వేచ్ఛ పోతుందని కొందరంటారు. ఊరు అభ్యంతరం చెప్పగానే దృశ్యం కోసేయమని ఎవరూ అనడం లేదు. కోయకుండా ఉంచండి, దాని పక్కనే ఆ అభ్యంతరమూ వినిపించండి, తర్వాత కరీంనగర్‌లోనో ఢిల్లీలోనో కూర్చుని చూసేవాళ్లు ఎవరి మాట నమ్మాలో వాళ్లే తేల్చుకుంటారు.