నర్సమ్మకు డాక్టరేట్ ఎందుకట!

కర్నూలు నుంచి చిత్తూరు వెళ్లే రోడ్డులో తిరుపతి రోడ్డు వచ్చి కలిసేది మా పూతలపట్టు దగ్గరే. ఇక్కణ్ణించి గంట, గంటన్నర ప్రయాణంలో నర్సింగ్ చదువు చెప్పే చోట్లు ఎన్నున్నాయో చూడండి. వేలూరులో 1946లోనే నర్సింగ్ డిగ్రీ మొదలుపెట్టిన సి.ఎం.సి. కాలేజీ ఉంది. తిరుపతిలో స్విమ్స్ నర్సింగ్ కాలేజీ ఉంది. పక్కనే అరగొండలో అపోలో వాళ్లది ఉంది. సెంటు భూమి లేని ఇళ్లలో, దళితవాడల్లో ఇంటర్ పాసైన ఆడపిల్లకు మొదట తోచే చదువు ఇదే. అప్పు చేసి చదివిస్తారు. పెళ్లి చూపుల దగ్గర మాత్రం "రాత్రి డ్యూటీలు చేసే పిల్లా?" అని అదే సమాజం మూతి విరుస్తుంది.

ఈ విరుపుకు చరిత్ర ఉంది. రోగి ఒంటిని ముట్టుకోవటం, మలమూత్రాలు ఎత్తటం, పుండ్లు కడగటం మైల పనులని నమ్మిన దేశంలో ఈ వృత్తిలోకి ముందుగా వచ్చినవాళ్లు ఎక్కువగా మిషన్ల నీడన చదువుకున్న క్రైస్తవ స్త్రీలు, దిక్కులేని వితంతువులు. కులమూ పితృస్వామ్యమూ కలిసి ఈ పనికి వెల కట్టాయి. ఆ వెలలోనే మనం ఇంకా బేరమాడుతున్నాం. నర్సు ఓపిక గలది, త్యాగమూర్తి, తెల్ల చీరలోని దేవత! దేవతకు జీతమూ అక్కర్లేదు, పై చదువూ అక్కర్లేదు. అందుకే నర్సులు డాక్టరేట్ మాట ఎత్తితే నవ్వేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు.

నర్సింగ్‌లో డాక్టరేట్ రెండు రకాలు. ఒకటి పరిశోధన చేసి తెచ్చుకునే పి.హెచ్.డి. రెండోది రోగి పక్కనే ఉండి వైద్యసేవలో అత్యున్నత నైపుణ్యం సంపాదించే ప్రాక్టీసు డాక్టరేట్. ఈ రెండోది అమెరికాలో పెరిగింది. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్సు ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. పేదల పిల్లలకు డాక్టర్లు చాలని చోట నర్సే పరీక్ష చేసి, జబ్బు గుర్తించి, వైద్యం చెయ్యగలదని వాళ్లు చూపించారు. (ఫోర్డ్ 104 ఏళ్లు బతికి 2025 జనవరిలో కన్నుమూసింది.) ఇలాంటి ఉన్నత సేవకు డాక్టరేటే అర్హత కావాలని 2004లో అక్కడి నర్సింగ్ కాలేజీల సంఘం తీర్మానించింది. మత్తు ఇచ్చే నర్సుల కోర్సులో 2022 నుంచి చేరేవాళ్లందరికీ డాక్టరేట్ స్థాయి చదువు తప్పనిసరి. సగానికి పైగా రాష్ట్రాల్లో నర్సు ప్రాక్టీషనరు డాక్టరు సంతకం కోసం ఎదురుచూడకుండా మందు రాయవచ్చు. చదువుతోపాటు ఆమె చేతికి కలం కూడా వచ్చింది.

మన దగ్గర ఎం.ఎస్సీ. నర్సింగ్ 1959లో ఢిల్లీలో మొదలైంది. ఆ తర్వాత చాలా కాలానికి భారత నర్సింగ్ కౌన్సిల్, బెంగుళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంతో కలిసి పి.హెచ్.డి.కి జాతీయ స్థాయి ఏర్పాటు చేసింది. మంచిదే. కానీ ఆ డాక్టరేట్ తీసుకున్న మనిషి ఎక్కడికి వెళ్తుంది? కాలేజీకి. ప్రొఫెసరవుతుంది, ప్రిన్సిపాలవుతుంది. వార్డులో ఆమెకు పోస్టు లేదు. పదేళ్ల అనుభవమూ పరిశోధనా ఉన్న నర్సు రోగి దగ్గర్నుంచి దూరంగా జరిగితేనే పైకి వచ్చినట్టు. ఇది ఏ లెక్కన న్యాయం?

మా చుట్టుపక్కల ఒక గ్రామ ఆరోగ్య కేంద్రంలో పనిచేసే అమ్మాయిని నేనే అడిగాను, పైకి చదవవా అని. బి.ఎస్సీ. నర్సింగ్ చేసి కాంట్రాక్టు మీద చేరిన పిల్ల. బి.పి., షుగర్ రోగులకు మాత్రలు ఇస్తుంది, గర్భిణులను చూస్తుంది, సందేహం వస్తే ఫోనులో డాక్టరుతో మాట్లాడిస్తుంది. "చదవాలనే ఉండాదక్కా. కాంట్రాక్టు వాళ్లకి చదువుకోను లీవెవురిస్తారు? ఇచ్చినా, డాక్టరేట్ చేసినాక నన్ను పాఠాలు చెప్పమంటారు గానీ ఈ ముసిలోళ్లని చూడమంటారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కొన్ని తలుపులు ఓరగా తెరుచుకున్నాయి, అబద్ధమెందుకు. 2016-17లో తీవ్ర చికిత్సా విభాగాల కోసం రెండేళ్ల నర్సు ప్రాక్టీషనర్ పి.జి. కోర్సును కేంద్రం ఆమోదించింది. 2017లో తెలంగాణలోని కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఆస్పత్రి వాళ్ల సాయంతో ప్రభుత్వ నర్సులకు కాన్పుల్లో ప్రత్యేక శిక్షణ మొదలైంది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మంత్రసాని సేవల మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే ఇవేవీ డాక్టరేట్ దాకా పోవు.

డాక్టర్ల సంఘాల అభ్యంతరం నాకు తెలుసు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలో 32వ సెక్షన్, డాక్టర్లు కానివారికి పరిమిత వైద్య లైసెన్సు ఇవ్వవచ్చని చెప్పినప్పుడు వాళ్లు దేశమంతా సమ్మె చేశారు. పట్నాలకు పూర్తి డాక్టరు, పల్లెలకు సగం డాక్టరా అన్నారు. ఈ ప్రశ్నను నేను కొట్టిపారెయ్యను. పేదవాళ్లకు నాసిరకం వైద్యం చాలనుకోవటం దుర్మార్గమే. కానీ పల్లె ఆరోగ్య కేంద్రానికి నర్సును పంపేముందు ప్రభుత్వం పెట్టుకున్న బ్రిడ్జి కోర్సు ఎంతకాలమో తెలుసా? ఆర్నెల్లు! ఆర్నెల్లు చదివించి ఊరంతటి బరువూ మోయించటానికి అడ్డు రాని నాణ్యత, ఆమె ఆరేడేళ్లు చదివి హక్కుగా మందు రాస్తానంటే అడ్డొస్తుందా? సగం వైద్యం వద్దనేవాళ్లు నిజానికి అడగవలసింది నర్సుకు పూర్తి చదువే.

డబ్బు సంగతి కూడా చూద్దాం. ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల దోపిడీపై సుప్రీంకోర్టు 2016లో ఆదేశించాక కేంద్రం వేసిన కమిటీ, యాభై లోపు పడకల ఆస్పత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలు తగ్గకూడదంది. రెండు వందలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమాన జీతం అంది. ఎక్కడ అమలవుతోందో మీ ఊళ్లో ఒక నర్సును అడగండి. ఈ జీతంతో అప్పు తీర్చాలా, డాక్టరేట్ ఫీజు కట్టాలా? అందుకే మన పిల్లలు గల్ఫుకీ అమెరికాకీ వెళ్తున్నారు. వెళ్లినవాళ్లను నిందించే హక్కు మనకు లేదు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. పాత గోడల మీద కొత్త బోర్డు పెట్టి సరిపెడతారేమో చూడాలి. ప్రాక్టీసు డాక్టరేట్ మన విశ్వవిద్యాలయాల్లోకి రావాలి. అది చేసిన నర్సుకు వార్డులోనూ పల్లె ఆరోగ్య కేంద్రంలోనూ ప్రొఫెసరుకు తగ్గని జీతంతో పోస్టు ఉండాలి. ఏ మందులు సొంతంగా రాయవచ్చో చట్టంలోనే ఉండాలి, ఎవరి దయా కాకూడదు. కాంట్రాక్టు వాళ్లతో సహా అందరికీ జీతంతో కూడిన చదువు సెలవు కావాలి.

ఇంకొకటుంది, ఎవరూ పట్టించుకోనిది. డాక్టరేట్ వయసూ పిల్లల్ని కనే వయసూ ఒకటే. చంటిబిడ్డ తల్లికి హాస్టల్లో గది ఎవరిస్తున్నారు? బిడ్డ వల్ల చదువు ఆగిపోయిన నర్సులు, ఆపకుండా ఎలాగో నెట్టుకొచ్చినవాళ్లు తమ అనుభవాలు రాసి పంపండి. పేరు వద్దంటే వెయ్యం. వచ్చే సంచికలో నాలుగు పేజీలు వాటికే కేటాయిస్తున్నాం.