ఎవరికి ‘వీలైనంత త్వరగా’?

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైతే చాలు, కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పీడీఎఫ్ తిరుగుతుంది. మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. ‘యాజ్ సూన్ యాజ్ పాజిబుల్’ అని రాయొద్దు, దాని బదులు ఇవి వాడండి అంటూ కింద పదో పన్నెండో మాటలు. ఎట్ ది ఎర్లియెస్ట్, ప్రాంప్ట్‌లీ, వితౌట్ డిలే, ఎట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియెన్స్, విత్ ఇమీడియెట్ ఎఫెక్ట్... అన్నీ ఒకే వరసలో, మధ్యలో ‘ఈజ్ ఈక్వల్ టు’ పెట్టినట్టు. ఆ లిస్టు బట్టీ పట్టడం వృథా అని నేనంటాను. ఉత్త వృథా అయితే పర్లేదు, ఒక్కోసారి ఉద్యోగం దాకా వచ్చాక దెబ్బ కొడుతుంది కూడా.

కాసేపు ఇంగ్లిష్ పక్కన పెడదాం. పొలం కాడి నుంచి నాయిన ఫోన్ చేసి ‘జల్ది రా’ అంటాడు. అమ్మేమో ‘జెప్పన తిను, బస్సు పోతది’ అంటుంది. మీది నడిగడ్డ అయి, రాయచూరు దిక్కు చుట్టాలుంటే ‘బేగ’ అనే కన్నడ మాట కూడా చెవిన పడే ఉంటుంది. అదే ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ ఇవ్వాలంటే ‘త్వరితగతిన పరిష్కరించగలరు’ అని రాస్తాం. పేపర్లో మంత్రిగారు ‘హుటాహుటిన’ బయల్దేరతారు. అన్నిటికీ అర్థం తొందరే. కానీ అర్జీలో ‘జెప్పన జెయ్యి’ అని ఎవరైనా రాస్తారా? అమ్మ ఎప్పుడైనా ‘త్వరితగతిన భోంచెయ్యి’ అందా? ఎవరితో ఏ మాట అనాలో మీకు ఏ పీడీఎఫ్ చూడకుండానే తెలుసు. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి ఆ తెలివిని ఇంట్లో వదిలేసి వస్తున్నాం, అంతే.

పొట్టిగా ‘ఏఎస్ఏపీ’ అంటారే, అది 1950ల నాటి అమెరికా సైన్యం వాడుక. అందుకే దానికి ఇప్పటికీ కాస్త ఆర్డర్ వాసన ఉంది. మేనేజర్ మీకు రాస్తే చెల్లుతుంది. మీరు హెచ్ఆర్‌కి ‘సెండ్ మీ ది ఆఫర్ లెటర్ ఏఎస్ఏపీ’ అని రాస్తే, ముందు ‘ప్లీజ్’ తగిలించినా ఆ వాసన పూర్తిగా పోదు.

అసలు తిరకాసు ‘ఎట్ ది ఎర్లియెస్ట్’తో. మన దేశంలో ఆఫీసులన్నీ దీన్ని ‘వీలైనంత త్వరగా’ అనే అర్థంలోనే వాడతాయి. కానీ ముందో తేదీ పెట్టారంటే అర్థం తిరగబడుతుంది. ‘ఐ కెన్ జాయిన్ ఆన్ జూన్ 10 ఎట్ ది ఎర్లియెస్ట్’ అన్నారనుకోండి. జూన్ 10కల్లా వచ్చేస్తానని మీ ఉద్దేశం. చదివేవాళ్లకు అర్థమయ్యేది వేరు: ఎంత తొందరపడినా జూన్ 10కి ముందు కుదరదు, ఆ తర్వాత ఎప్పుడైనా కావచ్చు. లోపు అని చెప్పాలంటే ‘బై జూన్ 10’, లేదా ‘బై జూన్ 10 ఎట్ ది లేటెస్ట్’. అటు బయటి దేశం క్లయింటో, హెచ్ఆరో ఉంటే ఈ ఒక్క మాట మీద జాయినింగ్ డేటే తారుమారవుతుంది.

‘ఎట్ యువర్ ఎర్లియెస్ట్ కన్వీనియెన్స్’ వినడానికి భలే మర్యాదగా ఉంటుంది. మర్యాదే, కానీ పగ్గాలు అవతలివాళ్ల చేతికి ఇచ్చేస్తుంది. మీకు తీరికైనప్పుడు చేయండి అని చెప్పి, శుక్రవారంలోగా రాలేదని బాధపడితే తప్పెవరిది? శుక్రవారం గడువు ఉన్నచోట అది వాడకూడదు. ‘విత్ ఇమీడియెట్ ఎఫెక్ట్’ ఉత్తర్వుల భాష. సస్పెన్షన్లు, బదిలీలు దానితో వస్తాయి. ‘ఐ విల్ జాయిన్ విత్ ఇమీడియెట్ ఎఫెక్ట్’ అంటే మీ మీద మీరే జీవో జారీ చేసుకున్నట్టుంటుంది. ‘ప్రాంప్ట్‌లీ’ని థాంక్స్ చెప్పేటప్పుడు వాడుకోండి, అక్కడ బాగుంటుంది.

చూశారుగా, వీటిలో తేడా బరువులో లేదు. టైమ్ ఎవరు నిర్ణయించాలి, మీరా వాళ్లా? ఒక్కో మాట దానికి ఒక్కో జవాబు. ‘పాజిబుల్’ అన్నారు సరే, ఎవరికి పాజిబుల్? మన జిల్లాల పిల్లలకు ఇది మరీ ముఖ్యం. గద్వాల నుంచి హైదరాబాద్ సుమారు 190 కిలోమీటర్లు. వనపర్తి రోడ్ అని స్టేషన్ పేరే గానీ, అది ఊళ్లో లేదు, దూరంగా మదనాపురం దగ్గరుంది. నాగర్‌కర్నూల్‌కైతే రైలే లేదు. ‘ఇంటర్వ్యూకి ఎప్పుడు రాగలరు’ అని పొద్దున పదింటికి ఫోన్ వస్తే, ‘ఏఎస్ఏపీ సర్’ అంటారు మీరు. అమీర్‌పేట హాస్టల్లో ఉన్న కుర్రాడికి అది గంట. మీకు రేపు పొద్దున. ఫోన్ చేసినవాళ్లకు మీ బస్సు సంగతి తెలియదు కాబట్టి మధ్యాహ్నం రెండింటికి స్లాట్ ఇస్తారు. మీరు వెళ్లలేరు. ‘క్యాండిడేట్ రాలేదు’ అని రాసుకుని తర్వాతి పేరుకు వెళ్లిపోతారు. ఆ కుర్రాడికంటే మీకు ఇంగ్లిష్ తక్కువై కాదు ఇది జరిగింది.

అక్కడ చెప్పాల్సింది ‘టుమారో ఎట్ ఎలెవెన్, సర్. ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ గద్వాల్.’ పది పర్యాయపదాలకంటే ఒక తేదీ, ఒక టైమ్ మేలు. మెయిల్లోనూ అంతే: ‘కుడ్ యూ ప్లీజ్ సెండ్ ది ఆఫర్ లెటర్ బై థర్స్‌డే? ఐ హావ్ టు రిప్లై టు అనదర్ కంపెనీ ఆన్ ఫ్రైడే.’ ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. గడువు ఉంది, గడువుకు కారణం ఉంది. కారణం చెప్పినప్పుడు గడువు పెట్టడం మొరటుగా అనిపించదు. కాకపోతే ఆ కారణం నిజమై ఉండాలి. లేని కంపెనీని సృష్టించకండి.

సింపుల్‌గా రాస్తే ఇంగ్లిష్ రాదనుకుంటారేమో అని భయం కదా? గద్వాల చీర చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మెయిల్ మొత్తం పట్టుతో నేయాల్సిన పని లేదు. మెయిల్‌ని ‘ప్రొఫెషనల్‌గా మార్చు’ అని ఏఐకి ఇచ్చేవాళ్లకూ ఇదే మాట. అది మీ వాక్యానికి ‘ఎర్లియెస్ట్ కన్వీనియెన్స్’ చక్కగా అతికిస్తుంది. మీ శుక్రవారం సంగతి మీరు చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?

అలాగని పర్యాయపదాలు నేర్చుకోవద్దనడం లేదు. ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. అక్కడ నాలుగు ఆప్షన్లలో దగ్గరి మాట పట్టుకుంటే చాలు, ఎవరితో మాట్లాడుతున్నారని ఎవరూ అడగరు. ఇంగ్లిష్‌లో ఈ పనికి పేరు మోసిన పుస్తకం రాసిన పీటర్ మార్క్ రోజే ఒక డాక్టరు. 1852లో థెసారస్ అచ్చు వేస్తూ, మన అమరకోశాన్ని కూడా ప్రస్తావించాడాయన. మాటల్ని భావాలను బట్టి గుంపులు కట్టి పక్కపక్కన పెట్టాడు, చెప్పాలనుకున్నదానికి సరైన మాట ఏరుకుంటారని. పీడీఎఫ్ చేసినవాళ్లు ఆ ఏరుకోవడాన్నే తీసేశారు.

ఇంకొక్కటి. ఇంటర్వ్యూ అయ్యాక కంపెనీవాళ్లు ‘వీ విల్ లెట్ యూ నో షార్ట్‌లీ’ అంటారు. మీరు తలూపి బయటికొచ్చి, రెండు వారాలు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటారు. ఆ ‘షార్ట్‌లీ’ మీరు రాసే ‘ఏఎస్ఏపీ’ లాంటిదే, లోపల తేదీ లేదు. కుర్చీలోంచి లేచే ముందే నవ్వుతూ అడిగేయండి: ‘మే ఐ చెక్ విత్ యూ నెక్స్ట్ వెడ్నెస్‌డే?’ చాలామంది సరే అనే అంటారు. బుధవారం నాడు మెయిల్ పెట్టండి.