వాట్లు కాదు, మాట వినపడాలి
హోమ్ థియేటర్ రిసీవర్ కొనేటప్పుడు పెట్టె మీది అంకెల కన్నా గది కొలతే ముఖ్యం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని నిమ్‌పురా వంటి చోట పాత క్వార్టర్లలో పక్కింటికీ మనింటికీ మధ్య ఉండేది చాలాసార్లు ఒకే గోడ. ఇటువైపు తెలుగు సినిమా నడుస్తుంటే అటువైపు రాత్రి డ్యూటీ దిగివచ్చిన మనిషి నిద్రకు ఉపక్రమిస్తుంటాడు. పైగా ఇల్లు రైల్వేది. బదిలీ అయినా, రిటైరైనా ఖాళీ చేయాల్సిందే. అలాంటి ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టాలనుకునేవారికి తొలి ప్రశ్న ఎంత మోత మోగాలన్నది కాదు, ఏం వినపడాలన్నది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ వర్క్‌షాపులోనూ, యార్డులోనూ పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో ఆమోదం తెలిపింది. కానీ మూడో తరం పిల్లలకు వీధిలో వినిపించేవి బెంగాలీ, హిందీలే. అమ్మమ్మ మాటల తర్వాత తెలుగు వారి చెవిన పడే దారుల్లో సినిమా ముఖ్యమైనది. బాంబులు అదిరిపోయేలా పేలి, సంభాషణ మాత్రం సంగీతంలో మునిగిపోతే ఆ ఇంట్లో డబ్బు వృథా అయినట్టే.

ఆ డబ్బూ తేలిగ్గా వచ్చేది కాదు. దసరాకు ముందు రైల్వే ఉద్యోగులకు అందే బోనస్ పేరుకు 78 రోజుల వేతనం. కానీ లెక్కకు తీసుకునే జీతంపై పరిమితి ఉండటంతో 2024లో గరిష్ఠంగా చేతికొచ్చింది 17,951 రూపాయలే. పేరున్న కంపెనీల రిసీవర్ ఒక్కటే పాతిక, ముప్ఫై వేల దగ్గర మొదలవుతుంది. స్పీకర్ల ఖర్చు వేరు. పొరపాటుకు తావు లేని కొనుగోలు ఇది.

టీవీ, సెట్‌టాప్ బాక్స్, డిస్క్ ప్లేయర్ల నుంచి వచ్చే సంకేతాన్ని విడదీసి ఏ శబ్దం ఏ స్పీకర్‌కు వెళ్లాలో నిర్ణయించి, దానికి బలమిచ్చి పంపేదే రిసీవర్. దుకాణంలో మొదట కళ్లకు కనిపించేది వాట్ల అంకె. మోసపోయేదీ అక్కడే. 2018లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్-వి385నే తీసుకుంటే, ఒక్క చానల్‌ను మాత్రమే నడిపి, 10 శాతం వక్రీకరణను అనుమతిస్తే దాని సామర్థ్యం 135 వాట్లు. రెండు చానళ్లు నడుపుతూ, వినగలిగే స్వరాలన్నిటికీ 0.09 శాతం వక్రీకరణ దాటకుండా కొలిస్తే 70 వాట్లు. రెండు అంకెలూ నిజమే. పనికొచ్చేది రెండోది. చవక సెట్ల మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ అంకెనైతే అసలు చదవనే అక్కర్లేదు. ఈ గందరగోళాన్ని అదుపు చేసేందుకు అమెరికా 1974లోనే నిబంధన తెచ్చింది. దాన్ని 2024లో సవరించింది.

నిజానికి చిన్న గదికి 70 కూడా ఎక్కువే. 88 డెసిబెల్స్ సున్నితత్వం ఉన్న స్పీకర్ ఒక్క వాటుతోనే మీటరు దూరంలో అంత శబ్దం ఇస్తుంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్‌కు అటూఇటూ. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. 70కి బదులు 140 వాట్లకు డబ్బు పోస్తే చెవికి తెలిసే తేడా కొంచెమే.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? మధ్య స్పీకర్ మీద. 5.1 ధ్వనిలో సంభాషణ చాలావరకు టీవీ కింద ఉండే ఈ సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది. సెట్టింగుల్లో దాని స్థాయిని రెండు, మూడు డెసిబెల్స్ పెంచుకునే వీలు దాదాపు ప్రతి రిసీవర్‌లోనూ ఉంటుంది. ఐదు స్పీకర్లూ ఒకేసారి కొనాలన్న నియమమేమీ లేదు. ముందు మూడు స్పీకర్లతో మొదలుపెట్టి, లేనివి లేవని రిసీవర్‌కు చెబితే వాటి శబ్దాన్ని ఉన్నవాటికే పంచుతుంది. వెనుక స్పీకర్లు మరో దసరాకు. సీలింగ్‌కు బిగించే అట్మాస్ స్పీకర్లు సొంతింటి ముచ్చట.

తర్వాత చూడాల్సింది వెనుక ఉన్న సాకెట్లు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉంటే టీవీలోని ఓటీటీ శబ్దం ఒకే కేబుల్‌తో రిసీవర్‌కు చేరుతుంది. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన సదుపాయం ఇది. అంతకన్నా పాత సెకండ్‌హ్యాండ్ రిసీవర్ ఎంత చవకైనా ఆలోచించాల్సిందే. కోల్‌కతా చాందినీ చౌక్‌లోనో, తెలిసినవారి దగ్గరో పాతది కొనేవారు ప్రతి సాకెట్‌నూ, ప్రతి చానల్‌నూ అరగంట నడిపి చూడాలి. గదిని కొలిచే మైకు, రిమోట్ ఉన్నాయో లేదో అడగాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చేదైతే మరో చిక్కు. అక్కడి మోడళ్లు సాధారణంగా 120 వోల్టులవి. ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతాయి.

ఇక పక్కింటి నిద్ర సంగతి. డైనమిక్ రేంజ్ కంప్రెషన్ లేదా నైట్ మోడ్ ఉన్న రిసీవర్ పెద్ద శబ్దాలను తగ్గించి, చిన్న మాటలను పైకి తెస్తుంది. సబ్‌వూఫర్‌ను ఉమ్మడి గోడకు దూరంగా పెట్టాలి. గోడను తేలిగ్గా దాటేది ఆ లోతైన గుడగుడే.

ఇన్ని లెక్కలు వేసినా చేతిలో ఉన్నది ఒక్క బోనసే అయితే అప్పు చేసి రిసీవర్ కొనడం కన్నా సెంటర్ చానల్ ఉన్న సౌండ్‌బార్ మేలు. దాన్ని పెంచుకునే వీలు తక్కువ, నిజమే. కానీ మనవడికి మాట వినపడుతుంది. గోడ అవతలి మనిషికి నిద్రా పడుతుంది.