ఓడిన ఆటతో ఒక గంట

ఆదివారం ఏ ఊళ్లో పిల్లల చెస్ టోర్నీ జరిగినా హాలు బయట తల్లిదండ్రుల మధ్య తిరిగే ప్రశ్న ఒకటే: "మీ వాడు రోజుకు ఎన్ని గంటలు ప్రాక్టీస్ చేస్తాడండీ?" అవతలివాళ్లు ఆరు గంటలని చెప్పారంటే చాలు, రెండు గంటలు ఆడే పిల్లవాడి ఇంట్లో టైంటేబుల్ మారిపోతుంది. గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2800 రేటింగ్ దాటాక ఈ పోలికలు మరీ ఎక్కువయ్యాయి. తల్లిదండ్రుల తాపత్రయాన్ని తప్పుపట్టలేం. కానీ వాళ్లు లెక్కపెడుతున్నది తప్పు లెక్క.

గంటలు అక్కర్లేదని ఎవరూ అనరు. కోనేరు హంపి కోసం తండ్రి అశోక్ లెక్చరర్ ఉద్యోగం వదిలేసి తానే కోచ్ అయ్యారు. 2002లో పదిహేనేళ్లు దాటిన కొద్దివారాలకే హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యి, అప్పటిదాకా హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న మహిళల రికార్డును చెరిపేశారు. 2017లో తల్లయి, కొంతకాలం ఆటకు దూరంగా ఉండి, తిరిగొచ్చి 2019లో ఒకసారి, 2024లో మరోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. ఏళ్ల తరబడి బోర్డు ముందు కూర్చోకుండా ఇంత పట్టు రాదు.

అయితే ఎంతసేపు కూర్చోవాలి? పరిశోధకుడు నీల్ చార్నెస్ బృందం 2005లో వెలువరించిన అధ్యయనంలో ఒక అంకె ఉంది. గ్రాండ్‌మాస్టర్ స్థాయి ఆటగాళ్లు మొదటి పదేళ్లలో ఒంటరిగా, శ్రద్ధగా చేసిన అధ్యయనం సుమారు 5,000 గంటలు. మధ్యస్థాయి ఆటగాళ్లతో పోలిస్తే ఇది దాదాపు ఐదు రెట్లు. వినడానికి కొండంత కనిపిస్తుంది. పదేళ్లకు పంచి చూడండి, రోజుకు గంటన్నర కూడా రాదు! టోర్నీల్లో ఆడిన ఆటలు, కోచ్ దగ్గర గడిపిన సమయం వేరే ఉంటాయి, నిజమే. కానీ రేటింగ్‌ను అన్నిటికంటే బాగా అంచనా వేయగలిగింది ఆ ఒంటరి గంటేనని ఆ అధ్యయనం తేల్చింది. అర్జెంటీనా ఆటగాళ్లపై గోబే, కాంపిటెల్లి చేసిన మరో పరిశోధన 2007లో వచ్చింది. మాస్టర్ స్థాయి అందుకోవడానికి ఒకరికి పట్టిన సాధనకు ఎనిమిది రెట్లు ఇంకొకరికి పట్టిందట. అలాంటప్పుడు పక్కింటి పిల్లవాడి టైంటేబుల్ మన పిల్లవాడికి ఎలా సరిపోతుంది?

ఆ ఒంటరి గంటలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. బోర్డు మీద ఒక పొజిషన్ పేర్చి, పక్కన గడియారంలో ఇరవై నిమిషాలు పెడతారు. పావులు ముట్టుకోకూడదు. ఏనుగును ఏడో వరుసకు తెస్తే నల్లరాజు ఎటు పోతాడు, గుర్రంతో చెక్ చెబితే ఏ బంటు పోతుంది, ఆ బంటు పోయాక మిగిలిన ఎండ్‌గేమ్ గెలుపా, డ్రానా? అయిదారు ఎత్తుల దాకా మనసులోనే నడిపి, నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాతే జవాబు చూస్తారు. తప్పు ఎక్కడ దొర్లిందో అక్కడ గీత గీస్తారు. ఇలా గంట చేస్తే పెద్దవాళ్లకే తల వేడెక్కుతుంది. దీన్ని రోజూ ఎనిమిది గంటలు చేయించగలమనుకోవడం పసివాళ్ల మీద దౌర్జన్యం.

ఇక ఫోన్‌లో మూడేసి నిమిషాల ఆటలు వరసగా ముప్ఫై ఆడటాన్ని చాలా ఇళ్లలో సాధన కిందే జమకడుతున్నారు. అందులో వేళ్లకు వేగం వస్తుంది, చూసిన ఎత్తే మళ్లీ పడుతుంది. ఓడిన ఆటను వెనక్కి తిప్పి చూసేలోగా తర్వాతిది మొదలైపోతుంది. ఎత్తులు లెక్కవేసే కంప్యూటర్ ప్రోగ్రామ్, అంటే ఇంజిన్, చేసే నష్టం ఇంకా లోతైనది. ఆట ముగియగానే మీట నొక్కితే ఏ ఎత్తు తప్పో ఎర్రగా చూపిస్తుంది, ఆ తప్పు ఎందుకు చేశాడో మాత్రం పిల్లవాడికి తెలియదు.

గుకేశ్ కోచ్ విష్ణు ప్రసన్న ఇక్కడే తెగించారు. పోటీదారులంతా కంప్యూటర్ మీద ఆధారపడుతున్న రోజుల్లో, గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరేదాకా ఆ కుర్రాణ్ని ఇంజిన్‌కు దూరంగా ఉంచారు. సొంతంగా లెక్కవేయడం అలవాటు చేశారు. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట చూసినవాళ్లకు ఆ శిక్షణ విలువ అర్థమయ్యే ఉంటుంది. అందరూ డ్రా అనుకున్న ఎండ్‌గేమ్‌లో, చేతిలో ఒక్క బంటు ఎక్కువ ఉందన్న ఆధారంతో గుకేశ్ ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో ప్రత్యర్థి డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులు, శకటాలు మారిపోతే మిగిలేది గెలిచే బంట్ల ఆటేనని పద్దెనిమిదేళ్ల కుర్రాడు వెంటనే పట్టేశాడు. ఆ విజయం వెనుక పనిచేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు.

చదువు మాన్పించాలా అన్న ప్రశ్నకూ గుకేశ్‌నే ఉదాహరణగా చూపిస్తుంటారు. అతను నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్లడం మానేశాడు, వైద్యుడైన తండ్రి కొడుకు వెంట టోర్నీలకు తిరగడానికి ప్రాక్టీసు పక్కనపెట్టారు. అది అప్పటికే అసాధారణ ఫలితాలు కనిపిస్తున్న పిల్లవాడి కోసం ఆ కుటుంబం తీసుకున్న నిర్ణయం. జిల్లా స్థాయి కప్పు ఒకటి రాగానే బడి మాన్పించడానికి అది ఆధారం కాదు.

పిల్లల్ని చెస్‌కు పంపే తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ వారం గంటలు పెంచకండి. పోయిన టోర్నీలో ఓడిన ఆట స్కోర్‌షీట్ తీయించండి, ఫోన్ పక్కన పెట్టించండి, ఆట ఎక్కడ చేజారిందో పిల్లవాడినే వెతకనివ్వండి. మీకు చెస్ రాకపోయినా ఫర్వాలేదు, పక్కన కూర్చుని వాడు చెప్పేది వినండి చాలు.