బీరు కిట్టు, రాగి మాల్టు, జొన్న నాము

మొన్న ఆళ్లగడ్డలో మావాళ్ల పిల్లోడు ఫోన్‌లో బీరు కిట్టు చూపించి, "పెదనాయనా, డబ్బాలో మాల్ట్ పాకం ఉంటాదంట, నీళ్లు, ఈస్టు కలిపితే ఇంట్లోనే బీరు అయితాదంట" అన్నాడు. లైసెన్సు లేకుండా చేస్తే 1968 ఎక్సైజ్ చట్టం కింద కేసు రా అబ్బీ అని చెప్పినా.

అసలు ఆ పాకం ఏంది? బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, వేడినీళ్లలో తీపి దించి చిక్కగా కాంచిందే. మొలకెత్తించేది మనకు కొత్తా? రాగులు ఒక రాత్రి నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలక వచ్చినాక ఎండబెట్టి, దోరగా వేయించి మర పట్టిస్తే అదీ మాల్టే. కొత్తవాళ్లు రాగులతోనే మొదలుపెట్టండి.

జొన్నతో చేస్తామంటే మాత్రం జాగ్రత్త. నాము మేసిన గొడ్డు ఎట్ల పడిపోతాదో చూసినోళ్లమే గదా. ఆ విషమే జొన్న మొలకలోనూ ఉంటాది. ఎండినాక మొలకలు, వేర్లు నలిచి, చెరిగి పారేసినాకే మర పట్టించాల. నేను చూసిన వీడియోల్లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

ప్యాకెట్టే కొంటామంటే వెనకాల చదవండి. ఏది ఎక్కువ కలిపితే దాని పేరు ముందు రాస్తారు. నంద్యాల నుంచి మా ఇంటికి వచ్చిన ప్యాకెట్టు మీద మొదటి పేరు చక్కెర! రాగులు దాని తర్వాత.

ఈ ఆదివారం రెండు కేజీల రాగులు నానబోస్తున్నాం. ఆ పిల్లోన్ని గూడా రమ్మన్నా.